తీగ మీద నిలిచే స్వరం: మార్షల్ పెట్టెల నుంచి పాలకొల్లు మాండలిన్ దాకా

విద్యుత్ వాద్యాల చరిత్ర – ధారావాహిక

యాంప్లిఫయర్ చరిత్రను సాధారణంగా శబ్దం పెరుగుతూ వచ్చిన చరిత్రగానే రాస్తుంటారు. పదిహేను వాట్ల పెట్టె ముప్పై వాట్లయిందని, ముప్పై వంద అయిందని, వంద వాట్ల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చగా వేదిక వెనక గోడలా నిలిచాయని చెప్పుకుంటూ పోయే ఆ లెక్కలో అబద్ధం లేదు గానీ, వాద్యకారుడి వేళ్ల వైపు నుంచి చూస్తే అసలు విషయం అందులో కనిపించదు. మీటిన తీగ మీద స్వరం ఎంతసేపు బతుకుతుంది, బతికి ఉన్నంతసేపు దాన్ని ఎంత వంచవచ్చు, ఎంత ఊపవచ్చు, ఎంత దూరం జార్చవచ్చు అన్న ప్రశ్నలకు యాంప్లిఫయర్ ఇచ్చిన జవాబులోనే దాని నిజమైన చరిత్ర ఉంది. ఆ జవాబు ఇద్దరు వాద్యకారుల జీవితాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకరు ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1942లో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్. మరొకరు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టి, మాండలిన్ శ్రీనివాస్‌గా లోకానికి తెలిసిన ఉప్పలపు శ్రీనివాస్. మొదటివారు రాక్ హోరులో నుంచి, రెండోవారు త్యాగరాజ కీర్తనలో నుంచి బయలుదేరి, చివరికి ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నారు.

ముందుగా యంత్రం సంగతి చూడాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద పికప్ అనే చిన్న భాగం ఉంటుంది. అది ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుట్టిన చుట్ట. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలికకు చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. తార్నాక నుంచి ఉప్పల్ వైపు సాగే రోడ్డు మీద, ఉస్మానియా ప్రాంగణానికి దగ్గర్లోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల శాస్త్రజ్ఞులు భూమి లోపలి పొరల కంపనాలను పట్టుకోవడానికి నేలలో గుచ్చే జియోఫోన్ కూడా అయస్కాంతం, రాగి చుట్ట కలిసి చేసే ఇదే పని మీద నడుస్తుంది. అక్కడ కంపించేది నేల, ఇక్కడ కంపించేది తీగ, అంతే తేడా. పికప్‌లో పుట్టిన ఆ స్వల్ప విద్యుత్తును మొదట ప్రీయాంప్ అనే భాగం కొంత పెంచి నాదపు రంగును సరిచేస్తుంది, తరువాత పవర్ యాంప్ దాన్ని స్పీకరు కాగితపు శంకువును కదిలించగలిగేంత బలంగా మారుస్తుంది. ఈ మూడూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు, యాంప్‌ను, స్పీకర్లను వేరు వేరు పెట్టెలుగా చేసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే స్టాక్ అంటారు.

వాట్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. యాంప్లిఫయర్ శక్తి రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు, మూడు డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. మనిషి చెవికి శబ్దం రెట్టింపయినట్టు తోచాలంటే శక్తి దాదాపు పది రెట్లు కావాలి. పది వాట్ల పెట్టెకూ వంద వాట్ల పెట్టెకూ మధ్య, వినేవాడికి తెలిసే తేడా సుమారు రెండింతలే అన్నమాట. ఇంత తక్కువ లాభానికి అంత బరువు, అంత ఖర్చు ఎందుకు భరించారన్న సందేహానికి సమాధానం స్వరపు ఆయుష్షులో దొరుకుతుంది. మీటిన మరుక్షణం నుంచి తీగ కంపనం తగ్గుతూ పోయి, హాలులోని గుసగుసల కిందికి, ఫ్యాన్ల చప్పుడు కిందికి దిగిపోయిన చోట శ్రోత దృష్టిలో ఆ స్వరం చచ్చిపోతుంది. యాంప్లిఫయర్ తీగ కంపనాన్ని పొడిగించదు. కానీ మొత్తం స్వరాన్ని ఆ చప్పుడుకు చాలా పైకి ఎత్తుతుంది గనుక, అదివరకు వినిపించక పోయిన చివరి భాగం కూడా వినిపించడం మొదలవుతుంది. వాల్వు యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ఇంకొకటి కూడా జరుగుతుంది: మీటు పడ్డ తొలి క్షణంలోని పెద్ద అల తల తెగిపోయి, నీరసించిన వెనకటి అల దాదాపు అదే ఎత్తులో కొనసాగుతుంది. రాక్ వాద్యకారులు వక్రీకరణ అని పిలిచే గరుకు నాదమూ, స్వరపు దీర్ఘాయుష్షూ ఒకే కారణం నుంచి పుట్టినవి.

అమెరికాలో లియో ఫెండర్ సంస్థ 1950లో ఘనదేహపు గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చింది. బోలు దేహం ఉన్న గిటార్ తీగ శక్తిని గాలిని కదిలించడానికి ఖర్చు పెడుతుంది గనుక స్వరం త్వరగా ఆరిపోతుంది, పైగా పెద్ద యాంప్ ముందు నిలబడితే ఆ బోలు పెట్టె తనంతట తానే ఊళపెడుతుంది. గట్టి చెక్కతో చేసిన దేహానికి ఈ రెండు దోషాలూ తక్కువ. అదే సంస్థ 1950లలో బేస్ గిటార్ కోసం తయారుచేసిన బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని, లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ తన సహాయకులతో 1962లో సొంత యాంప్ తయారు చేయించారు. ద హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ ఇంకా పెద్దది కావాలని పట్టుబట్టడంతో 1965లో వంద వాట్ల యాంప్ వచ్చింది. ఎనిమిది స్పీకర్ల పెట్టె మోయలేనంత బరువు కావడంతో దాన్ని నాలుగేసి స్పీకర్ల రెండు పెట్టెలుగా విడగొట్టారు. రాక్ వేదికకు గుర్తుగా మారిన మార్షల్ స్టాక్ ఆ విధంగా మోత కూలీల కష్టం నుంచి పుట్టింది. ఆ కాలంలో హాళ్ల సొంత మైకుసెట్లు ఎంత బలహీనంగా ఉండేవంటే, 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో యాభై వేలకు పైగా జనం ముందు బీటిల్స్ బృందం ప్రత్యేకంగా చేయించిన వంద వాట్ల వాక్స్ యాంప్‌లతో వాయించినా, అభిమానుల కేకల్లో పాట మునిగిపోయింది. వేదిక మీది పెట్టెలే హాలంతటినీ నింపవలసిన రోజులవి. 1966లో లండన్ చేరిన జిమి హెండ్రిక్స్ ఆ పెట్టెలను శబ్దం కోసమే కాక, స్పీకరు నుంచి వచ్చే అలలు తిరిగి తీగను కదిలించి స్వరాన్ని ఎంతసేపైనా నిలబెట్టే పద్ధతి కోసం వాడుకున్నారు. రాక్ చరిత్రలో ఆయన చేసిన పెద్ద పని అదే: గిటార్‌కు విల్లు లేని లోటును యాంప్‌తో పూరించారు.

మెక్‌లాఫ్లిన్ 1969లో అమెరికా వెళ్లి మైల్స్ డేవిస్ రికార్డింగుల్లో పాల్గొన్నారు. 1971లో ఆయన స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందానికి ఆ పేరు రావడానికి కారణం, గురువు శ్రీ చిన్మయ్ ఆయనకు మహావిష్ణు అని పేరు పెట్టడమే. బిల్లీ కాబమ్ డ్రమ్ముల ధాటికి ఎదురు నిలవాలంటే చిన్న పెట్టె చాలదు. ఒకే దేహానికి పన్నెండు తీగల మెడ ఒకటి, ఆరు తీగల మెడ ఒకటి ఉన్న గిబ్సన్ గిటార్‌ను ఆయన వంద వాట్ల మార్షల్‌కు కలిపి వాయించారు. నాదం దట్టంగా, అంచులు మండుతున్నట్టు వచ్చేది, స్వరాలు మాత్రం ఎంత వేగంలోనైనా విడివిడిగా వినిపించేవి. ఆ రోజుల్లోనే ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో వీణ నేర్చుకున్నారు. మైనంలో నిలిపిన ఎత్తయిన మెట్ల మీద తీగను పక్కకు లాగి, ఒక్క మీటులోనే పలు స్వరాలను పలికించే పద్ధతి గిటార్ మీద పెరిగిన వ్యక్తికి కొత్త లోకం చూపించి ఉండాలి. దాని ఫలితం 1975లో కనిపించింది. వయొలిన్ మీద ఎల్. శంకర్, తబలా మీద జాకిర్ హుస్సేన్, ఘటం మీద టి.హెచ్. వినాయక్‌రామ్‌లతో ఏర్పడిన శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్ మార్షల్ గోడను పూర్తిగా వదిలేసి, నేల మీద కూర్చుని, విద్యుత్తు లేని గిటార్ వాయించారు.

ఆ గిటార్ సంగతి విడిగా చెప్పదగినది. అప్పట్లో గిబ్సన్ సంస్థలో పనిచేస్తున్న ఏబ్రహాం వెక్టర్ దానిని తయారుచేశారు. మామూలు ఆరు తీగలకు అడ్డంగా, నాద రంధ్రం మీదుగా ఏడు శ్రుతి తీగలు బిగించారు. మెట్లకూ మెట్లకూ మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు, అందువల్ల తీగ కింద వేలికి చెక్క అడ్డు తగలక, వీణలో లాగినట్టు తీగను లాగడానికి వీలు కలిగింది. మార్షల్ ఇచ్చిన దీర్ఘస్వరాన్ని వదులుకున్న వాద్యకారుడు గమకాన్ని చెక్క పనితనం ద్వారా సంపాదించుకోవడానికి చేసిన ప్రయత్నంగా ఈ గిటార్‌ను చూడాలి. ప్రయత్నం గొప్పది, కానీ చెక్కను ఎంత తొలిచినా తీగ ఆయుష్షు పెరగదు. శక్తి తొలి రికార్డుల్లో గిటార్ జల్లులా కురిసే వేగమైన స్వరాలలో శిఖరం అందుకుంటుంది, నెమ్మదిగా సాగే ఆలాపన భారం మాత్రం ఎక్కువగా వయొలిన్ విల్లు మీదే పడింది.

అదే దశాబ్దంలో, పాలకొల్లులో ఆరేళ్ల పిల్లవాడు తండ్రి సత్యనారాయణ మాండలిన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. కొడుకు చేయి చూసి తండ్రి కొత్త మాండలిన్ కొనిపెట్టి, తానే తొలి పాఠాలు చెప్పారు. తరువాత చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గారు గురువయ్యారు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగ మీదికి దించేవాడు. ఈ వివరం చరిత్రకు చాలా ముఖ్యం. గురువు మాండలిన్ వాద్యకారుడే అయి ఉంటే, ఆ వాద్యానికి అప్పటికే అలవాటైన వేళ్ల పద్ధతులు పిల్లవాడికి అబ్బేవి. గురువు గొంతు మాత్రమే ఎదురుగా ఉన్నందువల్ల, గొంతు చేసే పని వాద్యం చేయలేకపోతే లోపం వాద్యానిదే అయింది, దాన్ని సరిచేయడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఆ లోపం చిన్నది కాదు. ఇటలీ నుంచి ప్రపంచమంతా వ్యాపించిన మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా ఉంటాయి. తీగ నిడివి సుమారు 35 సెంటీమీటర్లు, గిటార్ తీగలో సగం కంటే కొద్దిగా ఎక్కువ. ఇంత పొట్టి తీగ మీద స్వరం టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. అందుకే మాండలిన్ వాద్యకారులు పిక్‌తో పైకీ కిందికీ అతివేగంగా కొడుతూ స్వరాన్ని సాగుతున్నట్టు భ్రమింపజేస్తారు. సినిమా పాటల్లో వినిపించే మాండలిన్ వణుకు అదే. ఆ వణుకు లలిత సంగీతానికి ఎంతో అందం, రాగాలాపనకు మాత్రం చేటు. కర్ణాటక సంగీతంలో మీటు అనేది ఒక అక్షరం పలకడం వంటిది. తోడి రాగంలోని గాంధారం తన స్థానంలో ఊగుతూ ఉండాలి గాని, ఊపు ఊపుకూ కొత్త మీటు పడితే రాగం ముక్కలవుతుంది. జంట తీగలు మరో అడ్డంకి. రెండు తీగలను ఒకే వేలితో పక్కకు లాగినప్పుడు రెండూ సరిగ్గా ఒకే మేరకు సాగకపోతే స్వరం చీలిపోతుంది, శ్రుతి మీద బతికే సంగీతంలో అది క్షమించరాని దోషం.

శ్రీనివాస్ చేసిన మార్పు ఈ రెండు లోపాలనూ కలిపి చూసింది. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకోవాలి, అలా చేస్తే నాదం పలచబడుతుంది గనుక దాన్ని పికప్‌తో, యాంప్లిఫయర్‌తో నింపుకోవాలి. బోలు దేహం అక్కర్లేదు గనుక ఘనదేహపు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాలి, అప్పుడు స్వరం నిలుస్తుంది, నిలిచిన స్వరాన్ని ఊపవచ్చు, జార్చవచ్చు. నాలుగు తీగలతో మంద్ర స్థాయి చాలదు గనుక అయిదో తీగ చేర్చాలి. కర్ణాటక సంగీతంలో ఎలక్ట్రిక్ మాండలిన్ రూపం ఈ క్రమంలో స్థిరపడింది. పాశ్చాత్య ప్రపంచంలో ఇటువంటి వాద్యాలు అప్పటికే లేకపోలేదు. అమెరికా నైరుతి ప్రాంతపు నృత్య సంగీతంలో పేరు పొందిన టైనీ మూర్ కోసం పాల్ బిగ్స్‌బీ 1952లో అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేసి ఇచ్చారు, 1956లో ఫెండర్ సంస్థ నాలుగు ఒంటి తీగలతో ఒకటి విడుదల చేసింది. అక్కడ వాటిని గిటార్‌కు పోటీగా, డ్యాన్సు హాళ్ల జనానికి వినిపించడం కోసం చేశారు. ఇక్కడ ఆ వాద్యాన్ని కోరింది గమకం. అయిదు తీగల మాండలిన్ రెండు ఖండాల్లోనూ ఉన్నా, అది చేసిన పని ఒకటి కాదు.

యాంప్లిఫయర్ కుడిచేతినీ మార్చేసిందన్న సంగతి సాధారణంగా ఎవరూ గమనించరు. విద్యుత్తు లేని మాండలిన్‌ను చివరి వరుస దాకా వినిపించాలంటే గట్టిగా కొట్టాలి, గట్టిగా కొడితే పిక్ చప్పుడు ముందు వస్తుంది, స్వరం వెనక వస్తుంది. బలాన్ని యాంప్ చూసుకుంటున్నప్పుడు చేయి మెత్తబడవచ్చు, మెత్తని మీటులో పిక్ గీతకూ స్వరపు తోకకూ మధ్య ఎత్తు పల్లాలు తగ్గి నాదం గుండ్రంగా వస్తుంది. శ్రీనివాస్ రికార్డుల్లో పిక్ చప్పుడు దాదాపు వినిపించకపోవడానికి, ద్రుత కాలంలో కూడా స్వరాలు పూసల్లా కాక దారంలా సాగడానికి ఇదే ముఖ్య కారణమని చెప్పవచ్చు. హెండ్రిక్స్ తరం యాంప్‌ను తోసి, అలల తలలు తెగగొట్టి స్వరాన్ని నిలబెట్టింది. శ్రీనివాస్ తోయలేదు. నాదాన్ని శుభ్రంగా ఉంచి, ఆరిపోయే స్వరాన్ని వినికిడి అంచుకు పైన నిలిపి ఉంచడానికి మాత్రమే యంత్రాన్ని వాడుకున్నారు. ఒకే పెట్టెను ఇన్ని దశాబ్దాల పాటు ఇంత నిగ్రహంతో వాడిన వాద్యకారులు రాక్‌లో అరుదు.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవంలో, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద వాయించిన నాటికి ఇంకా బాలుడే. విదేశీ వాద్యం, దానికి తోడు కరెంటు, ఈ రెండింటి మీదా అనుమానాలు వ్యక్తమయ్యాయి. అనుమానించినవారిని మూర్ఖులనడం న్యాయం కాదు. మైకు లేని రోజుల్లో నాటకాల్లో పద్యం పాడేవారికీ, కచేరీ విద్వాంసులకూ హెచ్చు శ్రుతి, ఖంగుమనే గొంతు తప్పనిసరి. 1930ల నుంచి మైకు వ్యాపించిన తరువాత శ్రుతులు తగ్గాయి, గొంతుల స్వభావం మారింది, దాని లాభనష్టాలను కళ్లారా చూసినవారు ఇంకా సభల్లో ఉన్నారు. కరెంటు సంగీతంలోకి వస్తే ఏదో ఒకటి మారుతుందన్న వారి భయం అనుభవం నుంచి పుట్టినదే. కానీ వయొలిన్ కూడా విదేశం నుంచి వచ్చి, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి కర్ణాటక సంగీతంలో కలిసిపోయిందన్న సంగతి అదే సభలకు తెలుసు. ఒక వాద్యం మనదో కాదో తేల్చేది అది పుట్టిన ఊరు కాదు, దాని మీద తోడి గాంధారం నిలుస్తుందా లేదా అన్నదే. శ్రీనివాస్ చేతిలో అది నిలిచింది, వాదన అక్కడితో బలహీనపడింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, తరువాత ఎన్నో దేశాల్లో ఆయన వాయించారు. 1995లో కెనడా గిటార్ వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అనే ఆల్బమ్ చేశారు. ఆ బ్రూక్, గిటార్ స్వరాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఎంతసేపైనా ఆగకుండా నిలబెట్టే ఇన్ఫినిట్ గిటార్‌ను రూపొందించిన వ్యక్తి. స్వరాన్ని నిలబెట్టడమే జీవిత ప్రశ్నగా చేసుకున్న ఇద్దరూ కలిసి పనిచేయడం సహజమే. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

1997లో శక్తి బృందం రిమెంబర్ శక్తి అన్న పేరుతో మళ్లీ మొదలైంది. కొంతకాలానికి శ్రీనివాస్, కంజీర వాద్యకారుడు సెల్వగణేశ్ అందులో చేరారు, తరువాత గాయకుడు శంకర్ మహదేవన్ వచ్చారు. 2000లో విడుదలైన ద బిలీవర్‌లో ఈ కొత్త కూర్పును వినవచ్చు. మెక్‌లాఫ్లిన్ ఈసారి తొలిచిన చెక్క గిటార్‌ను పక్కన పెట్టి ఎలక్ట్రిక్ గిటార్‌తో వచ్చారు, అయితే మార్షల్ మాత్రం తిరిగి రాలేదు. దీనికి సాంకేతికమైన కారణం ఉంది. తబలా, ఘటం, కంజీరలకు మైకులు తప్పవు. పక్కనే వంద వాట్ల పెట్టె హోరెత్తితే ఆ హోరు తబలా మైకులోకి దూరి, హాలులో గిటార్ రెండుసార్లు వినిపిస్తుంది, మైకు ఊళపెడుతుంది. ఇంతలో హాలు మైకుసెట్లు 1965 నాటి దుస్థితి నుంచి ఎంతో ముందుకు వచ్చాయి. జనానికి వినిపించే బాధ్యత వాటిది, వేదిక మీద వాద్యకారుడు తనకూ తోటివారికీ వినిపించేంత వాయిస్తే చాలు. ఆ మార్పును మెక్‌లాఫ్లిన్ చివరి దాకా అనుసరించారు. తరువాతి సంవత్సరాల్లో ఆయన వేదిక మీద యాంప్ పెట్టెనే వదిలేసి, పాదం దగ్గర ఉండే చిన్న వాల్వు ప్రీయాంప్ నుంచి గిటార్‌ను నేరుగా హాలు మైకుసెట్టుకు కలిపి వాయించారు. వంద వాట్ల స్టాక్, అసలు కరెంటే లేని చెక్క, మళ్లీ కరెంటు కానీ పెట్టె లేదు: ఒక గిటార్ వాద్యకారుడి జీవితం ఈ మూడు మజిలీల్లో సాగింది.

ద బిలీవర్‌లో గిటార్, మాండలిన్ ఒకదానికొకటి జవాబిచ్చుకునే చోట్ల జాగ్రత్తగా వింటే, రాక్ నుంచి వచ్చిన వ్యక్తి స్వరాన్ని తరచుగా సూటిగా పట్టి చివర్లో వంచడం, పాలకొల్లు నుంచి వచ్చిన వ్యక్తి స్వరాన్ని చేరడంలోనే గమకం మొదలుపెట్టడం తెలుస్తాయి. ఇద్దరి పికప్‌లూ ఒకే సూత్రం మీద పనిచేస్తున్నాయి, ఇద్దరి నాదమూ ఒకే మైకుసెట్టు ద్వారా వస్తోంది. తేడా అంతా స్వరాన్ని మొదట ఎవరి గొంతులో విన్నారన్న దానిలోనే ఉంది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన తమ్ముడు యు. రాజేశ్ అదే వాద్యాన్ని కొనసాగిస్తున్నారు. మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్‌లతో శక్తి 2023లో విడుదల చేసిన దిస్ మొమెంట్ ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం వచ్చింది. అందులో అయిదో సభ్యుడిగా గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వాయించారు. 1975లో ఎల్. శంకర్ కూర్చున్న చోటికి విల్లు తిరిగి వచ్చిందన్నమాట, స్వరం నిలవడానికి యాంప్లిఫయర్ అవసరం లేని వాద్యం అది. యాంప్లిఫయర్ అవసరం అందరికంటే ఎక్కువగా ఉండి, అందరికంటే ఎక్కువ వాదనకు గురైన మన సొంత వాద్యం వీణ. దానికి కాంటాక్ట్ మైకు తగిలించిన వైనికుల చరిత్ర వచ్చే భాగంలో.